నీరు దిగని నేల

అమెరికా వ్యవసాయ శాఖ దగ్గర ఆ దేశపు నేలలన్నిటికీ ఒక పెద్ద జాబితా ఉంది. ఇరవై వేలకు పైగా నేల రకాలు. ఒక్కో రకానికి ఒక పేరు, ఒక్కో పేరు కింద రెండు మూడు పేజీల వివరణ. ఏ ఊరి దగ్గర మొదట గుర్తిస్తే సాధారణంగా ఆ ఊరి పేరే పెడతారు. ఒహాయో రాష్ట్రం వాయవ్య మూలలో హోయ్ట్‌విల్ అని ఒక చిన్న ఊరుంది. ఆ పేరు పెట్టుకున్న నేల గురించి రాసిన పత్రాన్ని నేను చాలాసార్లు చదివాను. మట్టి రంగు, మట్టి గట్టిదనం, ఎన్ని అంగుళాల లోతున ఏం కనిపిస్తుంది, అంతే ఉంటుంది అందులో. మేం రాసే సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ కంటే పొడిగా ఉంటుంది. కానీ ఒక మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను. ఈ నేల "వెరీ పూర్లీ డ్రెయిన్డ్" అని రాశారు. అంటే నీరు దాదాపుగా దిగని నేల. ఏడాదిలో చాలాకాలం నీళ్లు పైనో, పైకి జానెడు కిందనో నిలబడే నేల.

ఇప్పుడు ఆ ఊరి మీదుగా కారులో వెళ్తే అలాంటి నీళ్లేమీ కనపడవు. బల్ల పరిచినట్టు చదునైన పొలాలు, మొక్కజొన్న, సోయా, గోధుమ. రోడ్డు పక్కన తిన్నగా సాగిపోయే లోతైన కాలవలు. దూరంగా ధాన్యం నిలవ చేసే డబ్బాలు. మధ్యాహ్నం ఎండలో ఆ దృశ్యం ఎంత విసుగ్గా ఉంటుందంటే, అక్కడ ఒకప్పుడు అమెరికా మొత్తంలో దాటడానికి జనం అంతగా భయపడ్డ ఒక అడవి ఉండేదంటే నమ్మబుద్ధి కాదు.

అసలు సంగతేమిటంటే, ఆ పత్రం రాసినవాళ్లు కూడా ఆ నీళ్లని చూడలేదు. అమెరికాలో నేలల సర్వే మొదలైంది 1899లో. అప్పటికే ఈ ప్రాంతంలో నీళ్లు దాదాపుగా తోడేశారు. ఎప్పుడో పోయిన నీటిని మట్టి రంగు చూసి ఆనవాలు పట్టి, ఇప్పటికీ ఉన్నట్టే వర్తమాన కాలంలో రాసి పెట్టారు.

*

కథ సుమారు 14 వేల ఏళ్ల కిందట మొదలవుతుంది. ఉత్తర అమెరికా మీద పరుచుకున్న మంచు పలక మెల్లగా ఈశాన్యానికి వెనక్కి జరుగుతోంది. కరిగిన నీటికి అటువైపు దారి లేదు, మంచే అడ్డం. దాంతో ఆ నీరు ఇప్పటి ఈరీ సరస్సు కంటే చాలా ఎత్తున, చాలా లోపలి దాకా నిండింది. దీనికి భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మామీ సరస్సు. అది నిండి పొర్లినప్పుడు నైరుతిగా, ఇండియానాలోని ఫోర్ట్ వేన్ దగ్గర గండి పెట్టుకుని వాబాష్ లోయలోంచి మిసిసిపీ వైపు పారింది. తర్వాత మంచు ఇంకా వెనక్కి జరిగి కొత్త దారులు తెరుచుకునేకొద్దీ నీటి మట్టం అంచెలంచెలుగా దిగింది. ఇప్పుడు అదే చోట మామీ నది సరిగ్గా ఎదురు దిశలో, ఈశాన్యంగా, ఈరీ సరస్సులోకి పారుతోంది.

సముద్ర మట్టానికి 800 అడుగుల ఎత్తున మామీ సరస్సు ఒడ్డు, సుమారు 735 అడుగుల దగ్గర తర్వాతి సరస్సు ఒడ్డు, ఇంకా కింద మరికొన్ని, చివరికి ఇప్పటి ఈరీ సరస్సు 570 అడుగుల దగ్గర. ఒక్కో మెట్టు దగ్గర నీరు కొంతకాలం ఆగి, అలలు ఇసకని ఒడ్డున పోగేశాయి. అలా ఏర్పడ్డ ఇసక దిబ్బలు ఎత్తు ఎంతో ఉండవు, కానీ మైళ్ల కొద్దీ సాగుతాయి. దిబ్బకీ దిబ్బకీ మధ్య సరస్సు అడుగు. అక్కడ మిగిలింది బంకమట్టి.

ఈ బంకమట్టి రెండు రకాలుగా వచ్చింది. కొన్ని చోట్ల నిలకడ నీటి అడుగున సన్నటి మట్టి పొరలు పొరలుగా పేరుకుంది. పాల్డింగ్ అనే నేల అలాంటిది, అందులో బంక రేణువులు అరవై శాతానికి పైనే. హోయ్ట్‌విల్ నేల కొంచెం వేరు. మంచు పలక నూరి వదిలేసిన మట్టినే సరస్సు అలలు పైపైన కడిగి చదును చేశాయి. రెండిట్లోనూ నీరు దిగదు. మైలు దూరానికి నాలుగైదు అడుగుల వాలు కూడా లేని చోట, పక్కకి పారడానికీ దారి లేదు. కిందకీ పోక, పక్కకీ పోక, వాన నీరు ఎక్కడ పడిందో అక్కడే కూర్చుంటుంది.

రేగడి నేలలు చూసి పెరిగినవాళ్లకి బంకమట్టి అంటే వెంటనే ఒక బొమ్మ కళ్ల ముందుకొస్తుంది: ఎండాకాలంలో కాలు ఇరుక్కునేంత నెర్రెలు, వానాకాలంలో చెప్పులు లాగేసుకునే జిగురు. ఇక్కడి బంక అంత ఉబ్బదు, అంతలా నెర్రెలు విచ్చదు. ఖనిజం వేరు. ఇక్కడ ఉన్నది ఎక్కువగా ఇల్లైట్, మన రేగడిలో ఉన్నది స్మెక్టైట్. కానీ వేసవి చివర ఇదీ పగులుతుంది. ఆ పగుళ్ల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

రంగు గురించి చెప్పాలి. తవ్వి చూస్తే పైన తొమ్మిది పది అంగుళాలు ముదురు మట్టి, దాదాపు నలుపు. దాని కింద బూడిద రంగు. ఆ బూడిద రంగు మధ్యలో అక్కడక్కడ పసుపు, తుప్పు రంగు మచ్చలు. ఇది అందానికి చెప్తున్న విషయం కాదు. మట్టికి ఎరుపు, పసుపు, గోధుమ రంగులు వచ్చేది ఇనుము వల్ల. గాలి ఆడే మట్టిలో ఇనుము తుప్పు పట్టి రేణువుల మీద పూతలా ఉంటుంది. నీళ్లు నిలిస్తే గాలి పోతుంది. అప్పుడు మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ దొరక్క ఆ తుప్పుని వాడుకోవడం మొదలుపెడతాయి. ఇనుము నీళ్లలో కరిగే రూపంలోకి మారి కదిలిపోతుంది. పూత పోయిన మట్టి అసలు రంగు బయటపడుతుంది, అదే బూడిద. వేరు చచ్చిపోయిన సందులోంచో, వానపాము దారిలోంచో కాస్త గాలి దూరిన చోట ఇనుము మళ్లీ తుప్పయి మచ్చ కడుతుంది. అంటే ఆ మచ్చలన్నీ నీరు ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ గాలి ఆడింది అనేదానికి రాసి ఉంచిన లెక్క. సర్వర్ ఆగిపోయాక లాగ్ ఫైళ్లు చూసి ఏం జరిగిందో పోల్చుకునే పని నాది కాబట్టి, ఈ పద్ధతి నాకు భలే నచ్చింది. నీళ్లు తీసేసి 130 ఏళ్లు దాటినా ఆ బూడిద రంగు పోలేదు. అందుకే నేల వర్గీకరణలో ఇప్పటికీ దాన్ని నీరు దిగని నేల అనే రాస్తారు. పొలం కింద ఎన్ని గొట్టాలు వేశారన్నది ఆ వర్గీకరణ పట్టించుకోదు.

"పూర్లీ" అనే మాట మీద మాత్రం నాకు కొంచెం అభ్యంతరం ఉంది. నీరు దిగకపోవడం ఒక లోపం అని ఆ మాటే చెప్పేస్తోంది. ఎవరికి లోపం? మొక్కజొన్న వేసేవాడికి. బాతుకి కాదు, ఎల్మ్ చెట్టుకి కాదు. ఏళ్ల తరబడి ఆ నదుల ఒడ్డున బతికిన ఒటావా ప్రజలకీ కాదు.

*

ఈ సరస్సు అడుగు మీద పెరిగిన అడవిని గ్రేట్ బ్లాక్ స్వాంప్ అన్నారు. పొడవు వంద మైళ్ల పైమాట, వెడల్పు పాతిక మైళ్ల పైమాట, విస్తీర్ణం దాదాపు 1,500 చదరపు మైళ్లు అని తరచూ కనిపించే లెక్క. మనం సినిమాల్లో చూసే లూయిజియానా తరహా చిత్తడి కాదిది. ఇక్కడ మొసళ్లు లేవు. ఎల్మ్, బ్లాక్ యాష్, ఓక్, మేపుల్ చెట్లు గొడుగులా కమ్ముకుని, పట్టపగలు చీకటి. కింద మోకాలి లోతు నీళ్లు, వాటి కింద బురద, పడిపోయిన మానులు. ఒటావాలు ఊళ్లు కట్టుకున్నది నదుల ఒడ్డున కాస్త మెరకలో. నడిచింది ఇసక దిబ్బల మీద. అడవి లోపలికి వేటకి వెళ్లేవాళ్లు. ఆ దిబ్బల మీది కాలిబాటలే తర్వాత వలసదారుల బండి దారులయ్యాయి, ఆ తర్వాత హైవేలు. ఈ జిల్లాల మ్యాపులో వంకరగా పోయే రోడ్డు కనిపిస్తే, ముఖ్యంగా దాని పేరులో "రిడ్జ్" అని ఉంటే, అది పాత సరస్సు ఒడ్డే అయ్యుండాలి. మిగతా రోడ్లన్నీ గళ్ల కాగితం మీద గీసినట్టు ఉంటాయి.

యుద్ధాల కథ త్వరగా చెప్పేస్తాను. 1812 జూన్‌లో జనరల్ హల్ రెండు వేల మంది సైనికులతో ఈ అడవిలోంచి దారి నరుక్కుంటూ డెట్రాయిట్ వెళ్లాడు. బురదలో బళ్లు కదలక మధ్యలో ఆగిపోయి కట్టుకున్న కోటకి ఫోర్ట్ నెసెసిటీ అని పేరు పెట్టారు, అంటే అక్కర కోట. ఆ ఆగస్టులోనే హల్ డెట్రాయిట్‌ని బ్రిటిష్ వాళ్లకి అప్పగించాడు. 1817లో ఫోర్ట్ మెగ్స్ ఒప్పందంతో ఈ ప్రాంతపు భూమి దాదాపు అంతా అమెరికా ప్రభుత్వం చేతికొచ్చింది. మామీ ఒడ్డున మిగిలిన ఒటావాలని 1837లోనూ 1839లోనూ కాన్సస్‌కి పంపేశారు. బ్లాక్ స్వాంప్ గురించి స్థానికంగా రాసిన చరిత్రలు ఈ విషయాన్ని ఒక వాక్యంలో దాటేసి, తర్వాత ఇరవై పేజీలు బురద గురించి రాస్తాయి. ఆ బురద వాళ్లని ఎవరికంటే ఎక్కువకాలం కాపాడిందో ఆలోచించవు. చుట్టూ నేలంతా పంచుకుపోయాక, ఒహాయోలో ఆఖరుగా మిగిలిన ఆదివాసీ ఊళ్లలో కొన్ని ఇక్కడే ఉన్నాయంటే, ఈ నేల ఎవరికీ అక్కర్లేకపోవడం దానికి ఒక కారణం.

ఈ అడవి మీదుగా ఒక రోడ్డు వేశారు. 1808లో బ్రౌన్స్‌టౌన్ దగ్గర చేసుకున్న ఒప్పందంలో రోడ్డు కోసం ఒక పట్టీలా భూమి రాయించుకున్నారు. రోడ్డు మాత్రం 1820ల్లో గానీ రాలేదు. వచ్చాక అది దేశంలోకెల్లా అధ్వాన్నమైన రోడ్డని పేరు తెచ్చుకుంది. ఇప్పటి ఫ్రీమాంట్ నుంచి పెరిస్‌బర్గ్ దాకా 31 మైళ్లు, 31 సత్రాలు. మైలుకొక సత్రం ఎందుకంటే, రోజుకి మైలు దాటడమే గగనమైన రోజులుండేవి. బండి దిగబడితే ఎడ్లు కట్టి లాగడానికి సత్రం వాళ్లే డబ్బు తీసుకునేవాళ్లు. సత్రం అమ్మినప్పుడు పక్కనున్న బురదగుంటని కూడా ఆస్తి కింద లెక్కగట్టేవాళ్లని ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఆ వ్యాపారం తర్కం మాత్రం మనకి కొత్తది కాదు. సమస్య తీరితే నష్టపోయేవాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఇప్పుడది అమెరికా 20వ నంబరు హైవే, అరగంట ప్రయాణం.

తర్వాత జ్వరం. చలి, వణుకు, రోజు విడిచి రోజు వచ్చే జ్వరం. మన ఏజెన్సీలో మన్యం జ్వరం అన్నట్టే ఇక్కడ ఈ చిత్తడి పేరే జ్వరానికి అంటుకుంది. భోజనాల బల్ల మీద ఉప్పుతో పాటు క్వినైన్ ఉండేదని రాశారు. కుళ్లిన ఆకుల మీంచి లేచే విషపు గాలే దీనికి కారణమని అప్పటి నమ్మకం. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టులో, మన సికింద్రాబాద్‌లో. అప్పటికి బ్లాక్ స్వాంప్ దాదాపు ఎండిపోయింది. అంటే ఇక్కడివాళ్లు తప్పు కారణంతో సరైన పని చేసి జ్వరాన్ని పోగొట్టుకున్నారు. ఆ జ్వరం పట్టినవాళ్లకి ఈ అడవి మీద ఏ మాత్రం ప్రేమ లేకపోవడంలో నాకు ఆశ్చర్యం లేదు. పర్యావరణం గురించి ఇప్పుడు రాసేటప్పుడు వాళ్లని దుర్మార్గుల్లా చూపించడం తేలిక. పిల్లల్ని జ్వరానికి పోగొట్టుకున్న ఇంట్లో కూర్చుని ఆ మాట రాయగలమా?

*

స్థానిక చరిత్రల్లో ఈ అడవిని జయించిన కథ ఎప్పుడూ ఒక పార పట్టుకున్న మనిషి కథలా ఉంటుంది. ఒంటరి రైతు, నడుం లోతు బురద, మొక్కవోని ధైర్యం. నాకు ఆ కథ నమ్మకంగా అనిపించదు, కారణం ఇంజనీరింగే. చదునైన బంక నేల మీద ఒక్కడు తన పొలంలో కాలవ తవ్వితే ఆ నీరు ఎక్కడికి పోతుంది? పక్కవాడి పొలంలోకి. పక్కవాడు తవ్వకపోతే వెనక్కి వస్తుంది. ఈ నేల మీద ఒక్కడి కష్టానికి విలువ సున్నా. నది దాకా అందరూ తవ్వాలి, లేదా ఎవరూ తవ్వక్కర్లేదు.

అందుకే నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు 1859. ఆ ఏడాది ఒహాయో శాసనసభ కాలవల చట్టం చేసింది. భూమి ఉన్నవాళ్లు అర్జీ పెడితే, కౌంటీ కమిషనర్లు సర్వే చేయించి, ఆ కాలవ ప్రజల ఆరోగ్యానికో సౌకర్యానికో క్షేమానికో అవసరమని తేల్చితే, దారిలో ఉన్న ప్రతి భూమి మీంచీ తవ్వించవచ్చు. ఖర్చు ఎవరికి ఎంత లాభమో అంత చొప్పున పంచి వసూలు చేస్తారు. నాకు వద్దు అన్నవాడూ కట్టాల్సిందే. స్వేచ్ఛ గురించి అంతగా మాట్లాడే దేశంలో, పక్కవాడి పొలం ఎండడానికి నువ్వు పన్ను కట్టు అనే చట్టం ఇది. దీని మీద కోర్టుల్లో గొడవలు జరిగాయి, కమిషనర్ల ముందు అరుచుకున్నారు. కానీ చట్టం నిలిచింది. దాని వారసులు ఒహాయో చట్టాల్లో ఇప్పటికీ అమల్లో ఉన్నాయి. బ్లాక్ స్వాంప్ మీద మొదటి గట్టి అధ్యయనం చేసిన భౌగోళిక శాస్త్రవేత్త మార్టిన్ కాట్జ్ 1955లో రాసిన వ్యాసం చదివితే, పారలకంటే అర్జీలే ఎక్కువ పని చేశాయన్న అభిప్రాయం కలుగుతుంది. కనీసం నాకు కలిగింది.

పెద్ద కాలవలు అయ్యాక రెండో అంచె, పొలం కింద గొట్టాలు. ఇంగ్లీషులో వీటిని టైల్ అంటారు గానీ మన ఇంటి నేల మీద పరిచే టైల్స్ కావు. అడుగు పొడవు, కాల్చిన మట్టి గొట్టాలు. మూడడుగుల లోతున కందకం తవ్వి వాటిని మొన మొన ఆనించి వరసగా పేరుస్తారు. అతికించరు. నీరు దూరేది ఆ అతుకుల సందుల్లోంచే. వంద అడుగులకి ఒక అంగుళం వాలు దొరికినా చాలు, కాలవలోకి పారుతుంది. నలభై యాభై అడుగులకి ఒక వరస, పొలమంతా.

ఈ పద్ధతి స్కాట్లాండ్ నుంచి వచ్చింది. అక్కణ్ణుంచి వలస వచ్చి న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా దగ్గర వ్యవసాయం చేసిన జాన్ జాన్‌స్టన్ 1835లో నమూనాలు తెప్పించుకుని, దగ్గర్లోని కుండలవాడి చేత చేయించి 1838లో పొలంలో పూడ్చాడు. ఇరుగుపొరుగు వాళ్లు ఇతనికి పిచ్చెక్కింది, కుండలు పాతిపెడుతున్నాడు అనుకున్నారు. గోధుమ దిగుబడి చూశాక నోరు మూశారు.

ఒహాయోకి వచ్చేసరికి ఇందులో ఒక విశేషం చేరింది. గొట్టాలు చేయడానికి మట్టి ఎక్కడిది? ఇక్కడిదే. నీటిని కిందకి దిగనివ్వని బంక, కాలిస్తే గొట్టానికి సరిగ్గా సరిపోయింది. కాల్చడానికి కట్టెలు? నరికేస్తున్న అడవే. బ్లాక్ స్వాంప్ జిల్లాల్లో డజన్ల కొద్దీ గొట్టాల బట్టీలు వెలిశాయి. చిత్తడి మట్టితోనే, చిత్తడి చెట్లతోనే, చిత్తడిని తోడేశారు. ఇంత పొదుపైన విధ్వంసం నాకు తెలిసి ఇంకోటి లేదు.

చివరి అడ్డంకి మనిషి చెయ్యి. మైళ్ల కొద్దీ కందకాలు, వాలు తప్పకుండా, పారతో. బౌలింగ్ గ్రీన్‌లో జేమ్స్ హిల్ అనే ఆయన ఆవిరితో నడిచే యంత్రం తయారుచేసి 1894లో పేటెంట్ తీసుకున్నాడు. పెద్ద చక్రం, దాని అంచున బకెట్లు. చక్రం తిరుగుతుంటే బకెట్లు మట్టిని తోడి పక్కన పోస్తాయి, వెనక కందకం మిగులుతుంది. బకై ట్రాక్షన్ డిచర్ అనే పేరుతో అది ఒహాయో దాటి ఫ్లోరిడా, లూయిజియానా చిత్తడి నేలల దాకా వెళ్లింది. 1902లో చేసిన ఒక యంత్రం ఫిండ్లే ఊరి మ్యూజియం వాళ్ల దగ్గర ఇప్పటికీ ఉంది.

దారిలో ఒక చిన్న యుద్ధం కూడా జరిగింది. పాల్డింగ్ కౌంటీలో పాత వాబాష్–ఈరీ కాలవకి నీళ్లివ్వడానికి కట్టిన ఒక జలాశయం ఉండేది. రైళ్లు వచ్చాక కాలవకి పని లేదు, నిలవ నీరు మాత్రం చుట్టుపక్కల పొలాల్ని ముంచుతోంది. తీసేయమంటే ప్రభుత్వం వినలేదు. 1887 ఏప్రిల్‌లో ఒక రాత్రి జనం వెళ్లి డైనమైట్ పెట్టి గట్టు పేల్చారు. గవర్నర్ ఫోరేకర్ సైన్యాన్ని పంపాడు. ఎక్కడైనా నీళ్లు కావాలని జలాశయాల దగ్గర కొట్లాడుకున్న జనాన్ని చూశాం. నీళ్లు వద్దని జలాశయాన్ని పేల్చిన జనాన్ని చూడాలంటే పాల్డింగ్ వెళ్లాలి.

*

1900 నాటికి అయిపోయింది. అడవి పోయింది, నీళ్లు పోయాయి. బయటపడ్డ నేల ఒహాయోలోకెల్లా సారవంతమైన నేలల్లో ఒకటి. వేల ఏళ్ల ఆకులు నీళ్లలో పూర్తిగా కుళ్లలేక నల్లగా పేరుకున్న సారం, కింద మంచు పలక నూరి తెచ్చిన సున్నపు రాయి. మొక్కజొన్న, గోధుమ, తర్వాత సోయా, టమాటా. ఫ్రీమాంట్‌లో ఉన్న హైన్జ్ కెచప్ ఫ్యాక్టరీ ఆ దిబ్బల చివర, ఆ పాత బురద రోడ్డు మొదట్లోనే ఉంది. 1780ల నుంచి 1980ల దాకా రెండొందల ఏళ్లలో ఒహాయో తన చిత్తడి నేలల్లో తొంభై శాతం పోగొట్టుకుంది. ఈ లెక్కలో దానికంటే ముందున్నది కాలిఫోర్నియా ఒక్కటే. పాత అడవి ఎలా ఉండేదో చూడాలంటే ఫుల్టన్ కౌంటీలో గోల్ వుడ్స్ అని ఒక ముక్క మిగిలింది. వలస వచ్చిన ఒక కుటుంబం తరతరాలుగా ఆ చెట్లు నరకకుండా ఉంచుకుంది. మే నెలలో వెళ్తే దోమలు గతాన్ని చాలా నిజాయితీగా గుర్తుచేస్తాయి.

నేను ఉద్యోగం కోసం టొలీడో పక్కకి వచ్చినప్పుడు ఈ చరిత్రేదీ తెలీదు. అద్దెకి తీసుకున్న ఇంటి బేస్‌మెంట్‌లో ఒక మూల నేలలో గుంత, గుంతలో పంపు. మార్చి, ఏప్రిల్ నెలల్లో అది పది నిమిషాలకోసారి గుర్రుమని లేచి, అర నిమిషం నీళ్లు తోడి, ఆగిపోతుంది. రాత్రంతా అదే. ఇంటి పునాది చుట్టూ కూడా గొట్టం వేసి ఆ గుంతలోకి కలుపుతారు, దాన్నీ టైల్ అనే అంటారు. కరెంటు పోతే ఏమవుతుంది అని పక్కింటి పెద్దాయన్ని అడిగితే, అందుకే బ్యాటరీ పంపు ఇంకోటి పెట్టుకుంటాం అన్నాడు. ఆయనకి ఇందులో వింతేమీ లేదు. వ్యవసాయ శాఖ వాళ్ల నేలల మ్యాపులో మా చిరునామా కొట్టి చూశాను. హోయ్ట్‌విల్ క్లే లోమ్, సున్నా నుంచి ఒక శాతం వాలు. ఇక్కడి యూనివర్సిటీల్లో చదువుకోవడానికి టొలీడోకీ బౌలింగ్ గ్రీన్‌కీ వచ్చే మన పిల్లల్లో చాలామంది ఇలాంటి సరస్సు అడుగు మట్టి మీదే నిద్రపోతారు. వాళ్లకి చెప్తే "అన్నా, వీకెండ్ ఇలా గడుపుతున్నావా" అంటారు.

2014 ఆగస్టు 2, తెల్లవారుజామున రెండు గంటలు. టొలీడో నగరం నాలుగు లక్షలకు పైగా జనానికి ఒక హెచ్చరిక పంపింది: పంపు నీళ్లు తాగకండి. కాచినా లాభం లేదు, కాస్తే ఇంకా చిక్కబడుతుంది. ఈరీ సరస్సులో పెరిగిన నీలి ఆకుపచ్చ నాచు విడుదల చేసే మైక్రోసిస్టిన్ అనే విషం శుద్ధి చేసిన నీళ్లలోకి వచ్చేసింది. నగరం మూడు రోజులు సీసా నీళ్ల మీద బతికింది. మిషిగన్ దాకా వెళ్లి నీళ్ల డబ్బాలు తెచ్చుకున్న కథలు ఇక్కడి తెలుగు ఇళ్లలో ఇప్పటికీ విందుల్లో వస్తాయి.

నాచుకి తిండి ఫాస్ఫరస్. అది సరస్సులోకి ఎక్కువగా వచ్చేది మామీ నదిలోంచి, అంటే పాత బ్లాక్ స్వాంప్ లోంచి. 1970ల్లో ఇదే సరస్సుకి ఇదే జబ్బు చేస్తే, సబ్బుల్లోనూ మురుగునీటి కేంద్రాల్లోనూ ఫాస్ఫరస్ తగ్గించి నయం చేశారు. 1990ల తర్వాత తిరగబెట్టింది, ఈసారి పొలాల్లోంచి. ఇక్కడే ఆ పగుళ్లు గుర్తు చేసుకోవాలి. ఫాస్ఫరస్ మామూలుగా బంక రేణువులకి అంటుకుని ఉంటుంది, తేలిగ్గా కదలదు. ఎరువు మట్టిలోంచి మెల్లగా ఇంకితే చాలా మటుకు దారిలోనే చిక్కుకుంటుంది. కానీ వేసవిలో పగిలిన బంక మీద గట్టి వాన పడితే నీరు మట్టిలోంచి పోదు. పగుళ్లలోంచి, వానపాముల దారుల్లోంచి నేరుగా మూడడుగుల కింది గొట్టంలో పడి, అక్కణ్ణుంచి కాలవకి, కాలవ నుంచి నదికి, నది నుంచి సరస్సుకి చేరుతుంది. ఇంకని నేలకి ఇంత వేగమైన దారి మనుషులే ఇచ్చారు.

ఇంకో మడత. నేల కోతని ఆపడానికి దున్నకుండా సాగు చేయడం మంచిదని యాభై అరవై ఏళ్లుగా చెప్తున్నారు. దాని మీద ప్రపంచంలోనే పాతవైన ప్రయోగాల్లో ఒకటి 1960ల మొదట్లో ట్రిప్లెట్, వాన్ డోరెన్ అనే ఇద్దరు ఈ హోయ్ట్‌విల్ నేల మీదే మొదలుపెట్టారు. ఏటా మొక్కజొన్నే వేస్తే దున్నని మడుల్లో దిగుబడి తగ్గింది, పంట మార్చి వేస్తే తేరుకుంది. సరే. కానీ దున్నకపోతే పైన చల్లిన ఎరువు పైనే ఉండిపోతుంది, పగుళ్లూ వానపాముల దారులూ చెదరకుండా ఉంటాయి. మట్టిని కాపాడే పద్ధతి నీటికి అంత మేలు చేయకపోవచ్చు. ఇందులో విలన్ ఎవరో వెతికితే దొరకడు. దొరికేది ఒకదాని మీద ఒకటి పేర్చిన పరిష్కారాలు మాత్రమే.

టొలీడో ఓటర్లు 2019 ఫిబ్రవరిలో ఈరీ సరస్సుకి హక్కులిస్తూ ఒక తీర్మానం గెలిపించారు. సరస్సుకి బతికే హక్కు ఉందని, దాని తరఫున పౌరులు దావా వేయవచ్చని. మర్నాడే ఒక రైతు కోర్టుకెక్కాడు. ఏడాదికి ఫెడరల్ జడ్జి ఆ చట్టం మరీ అస్పష్టంగా ఉందని కొట్టేశాడు. న్యాయంగా చూస్తే జడ్జి చెప్పింది కాదనలేం. కానీ 1859లో పొలాల తరఫున "ప్రజల ఆరోగ్యం, సౌకర్యం, క్షేమం" అన్న మూడు మాటలు సరిపోయాయి. అవి అంతకంటే స్పష్టంగా ఏమున్నాయి?

జీవావరణ శాస్త్రవేత్త విలియం మిష్ 2017లో ఒక లెక్క వేశాడు. పాత బ్లాక్ స్వాంప్‌లో పదో వంతు దాకా మళ్లీ చిత్తడిగా మార్చితే, సరస్సులో పడే ఫాస్ఫరస్ బాగా తగ్గుతుందని. పదో వంతు అంటే దాదాపు లక్ష ఎకరాలు. ఎకరం వేల డాలర్లు పలికే పొలాల మధ్య అది మాటలు కాదు. అంత కాకపోయినా చిన్న చిన్న ముక్కలుగా కొంత జరుగుతోంది, ప్రభుత్వ డబ్బుతో.

అలాంటి చోట మొదటి పని చెట్లు నాటడం కాదు, నీళ్లు పెట్టడం కూడా కాదు. గొట్టాలు ఎక్కడున్నాయో వెతకడం. నూట ముప్పై ఏళ్ల కిందట పాతిన వాటికి చాలా చోట్ల మ్యాపులు లేవు. తాతలకి తెలుసు, తాతలు పోయారు. వసంతంలో గట్టి వాన పడిన రెండు మూడు రోజులకి విమానం నుంచో డ్రోన్ నుంచో ఫోటో తీస్తారు. గొట్టం పైనున్న మట్టి ముందుగా ఆరుతుంది కాబట్టి, నల్లటి పొలం మీద లేత రంగు గీతలు సమాంతరంగా బయటపడతాయి, చేప ముల్లులా. ఆ గీత మీద తవ్వుకుంటూ వెళ్తే మూడడుగుల లోతున ఎర్రటి మట్టి గొట్టం తగులుతుంది. కొన్ని అడుగుల మేర పగలగొట్టి తీసేసి, అక్కడి బంకమట్టినే మళ్లీ గట్టిగా కుక్కుతారు. వాన పడ్డాక నీళ్లు అక్కడే నిలబడతాయి.